దీపము మలిగిననాడు చేతిలో నుండవలసిన రొక్కము

ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతముల గృహిణులకు కరెంటు పోవుట క్రొత్త సంగతి కాదు. వైశాఖమాసపు సాయంకాలమున పడమటి గాలి లేచి, దుమ్ము క్రమ్మి, నాలుగు చినుకులు పడులోపలనే దీపము మలుగుట మన మందఱము ఎఱిగినదే. వేపకొమ్మ తీగెపై విఱిగి పడినను, స్తంభ మొరిగినను గంటయో రెండు గంటలో, ఒక్కొక్కప్పుడు రాత్రి యంతయునో చీకటిలో నుందుము. విసనకఱ్ఱ చేతబట్టి, చాప చంకనిడుకొని మిద్దెమీదికి పోయి పరుండుదుము. ఇంతమాత్రమునకు పత్రికలో వ్రాయవలసిన దేమున్నదని సోదరీమణు లడుగవచ్చును. మేము వ్రాయదలచినది ఆ గంటసేపటి చీకటిని గూర్చి కాదు. రెండు దినములు, మూడు దినములు, వారము దినములు విద్యుత్తు రానిచో ఇల్లు జరుగు టెట్లు, ముఖ్యముగా ఇంట రొక్కము లేనిచో ఏమగును, అను విషయమును గూర్చి.

ఇరువదియేండ్ల క్రిందట దీపమునకును రూపాయికిని ఇంత సంబంధము లేదు. దీపము పోయినను పెట్టెలోని రూపాయి పెట్టెలోనే యుండెడిది. దానిని తీసికొని అంగడికి పోయినచో బియ్యము వచ్చెడిది. నేడో, పాలవానికి, కూరగాయల బండికి, ఆటోకు, మందుల యంగడికి, తుదకు మూర పూలకు కూడ ఫోనుతోనే చెల్లించుచున్నాము. 2016వ సంవత్సరమున ఏర్పడిన యూపీఐ పద్ధతి కొలది యేండ్లలోనే పల్లెపల్లెకు ప్రాకినది. అది సుఖముగనే యున్నది, కాదనము. చిల్లర వెదకుకొను బాధ తీఱినది. లెక్కయు దానంతటదే నిలుచుచున్నది. కాని ఆ సుఖ మంతయు విద్యుత్తు అను ఒక్క దారమునకు వ్రేలాడుచున్నదని గుర్తింపవలెను. మన ఫోనులో ఛార్జి యుండవలెను. అంగడివాని ఫోనులోను ఉండవలెను. ఊరి సెల్లు టవరు పని చేయవలెను. టవరునకు విద్యుత్తు ఆగినచో కొన్ని గంటలు బ్యాటరీ, తరువాత డీజిలు యంత్రము ఆధారము. డీజిలు చేరనిచో అదియు మూగయగును. బ్యాంకువారి ఏటీఎము సంగతియు నంతే. ఖాతాలో ధనమున్నను దానిని చేతికి తెచ్చుకొను త్రోవలన్నియు ఒక్కమాఱే మూసికొనిపోవును.

ఇది ఊహించి భయపెట్టుట కాదు. 2009వ సంవత్సరపు వఱదను మన జిల్లావారు మఱవజాలరు. సెప్టెంబరు నెలాఖరున కర్ణాటకమునందును రాయలసీమయందును ఎడతెగని వానలు కురిసి తుంగభద్ర, హంద్రి, కృష్ణ ఒక్కసారిగా పొంగినవి. అక్టోబరు 2వ తేదీనాటికి కర్నూలు నగరమున నీరు నిండినది. మనకు చేరువనున్న మంత్రాలయము మునిగి, శ్రీ రాఘవేంద్రస్వామి దర్శనమునకు వచ్చిన యాత్రికులు మేడలపైకెక్కి ప్రాణములు కాపాడుకొనిరి. శ్రీశైల జలాశయమునకు 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహము వచ్చి, 885 అడుగుల నిండుమట్టమును దాటి నీరు 896 అడుగులవఱకు లేచినది. విద్యుత్తు పోయినది, త్రాగునీటి పంపు లాగినవి, రాకపోకలు తెగినవి. ఆనాటికి ఫోనుతో చెల్లించు పద్ధతి యింకను రాలేదు గనుక ఇంటింటను కొంత రొక్క ముండెడిది. ఈనాడు అట్టి వఱదయే మరల వచ్చినచో మనలో నెందఱి యిండ్లలో నూఱు రూపాయల చిల్లర యుండునో ఎవరికి వారు పోపులపెట్టె తెఱచి చూచుకొనవచ్చును.

2014 అక్టోబరు 12న విశాఖపట్టణముపై హుద్‌హుద్ తుఫాను విఱుచుకొని పడినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగముతో వీచినది. స్తంభములు వేలకొలది నేలకూలుటచే అనేక పేటలలో దినముల తరబడి దీపము లేదు. ఏటీఎములు పని చేయలేదు, ఫోనులు పలుకలేదు, పాలపొట్లముల కొఱకు, నీళ్ల డబ్బాల కొఱకు, పెట్రోలు కొఱకు వీథుల వెంబడి జనము బారులు తీఱిరి. ధరలు ఆకాశము నంటినవి. బ్యాంకు పుస్తకములో లక్షలున్నవారును, ఏమియు లేనివారును ఆ వరుసలో సమానులైరి. రొక్క మున్నవారు మాత్రము పాలతో ఇల్లు చేరిరి.

అవి వఱదలు, తుఫానులు. మనది ఎండిన నేల, సముద్రము దూరము, అని యూరడిల్లుటకును వీలు లేదు. 2025 ఏప్రిలు 28న స్పెయిను, పోర్చుగల్ దేశములలో గాలి లేదు, వాన లేదు. మధ్యాహ్నము పండ్రెండున్నర దాటిన వెంటనే కొన్ని క్షణములలో రెండు దేశములయందును విద్యుత్తు పోయినది. రైళ్లు నడిత్రోవలో నిలిచినవి. కార్డులు చెల్లలేదు, తెఱచి యుంచిన అంగళ్లలో నోట్లకే సరకు లమ్మిరి. మఱునాటి యుదయమునకు చాలవఱకు దీపములు వచ్చినవి గాని, ఆ ఒక్క పూటతో ఐరోపాలోని వారికి కనువిప్పు కలిగినది. ఆ మఱుసటి నెలలోనే హాలెండు దేశపు కేంద్రబ్యాంకు తన ప్రజలకు, పెద్దవారికి తలకు 70 యూరోలు, పిల్లలకు 30 యూరోలు చొప్పున మూడు దినములకు సరిపడు రొక్కము ఇంట నుంచుకొనుడని సలహా చెప్పినది. ఫోనుతోను కార్డుతోను చెల్లించుటయందు మనకంటె ముందు నడచిన దేశమువారి మాట యిది.

మన దేశమునందును 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తరాదిని విద్యుజ్జాలము కూలి, రెండవనాడు అరువది కోట్ల జనమున్న ప్రాంత మంధకారమున పడినది. అప్పటికి మన దక్షిణభాగము ఆ జాలముతో ఏకము కానందున మనకు హాని లేకపోయెను. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపురముల నడుమ వేసిన పెద్ద తీగెతో మనమును అందులో చేరితిమి. రాయచూరు మనకు పరాయి యూరు కాదు. మాధవరము దగ్గఱ తుంగభద్ర దాటిన చాలును. ఆ చేరికవలన మేలే యెక్కువ, కొఱత వచ్చిననాడు దూరదేశముల విద్యుత్తు తెచ్చుకొనవచ్చును. కాని ఎక్కడనో తగిలిన దెబ్బ మనదాక వచ్చుటకును త్రోవ యేర్పడినది. ఏ దెబ్బయు తగులకయే 2022 ఏప్రిలులో మన రాష్ట్రమున విద్యుత్తు చాలక పరిశ్రమలకు బలవంతపు సెలవు లిచ్చిన సంగతి ఆదోని జిన్నింగు మిల్లులలో పని చేయువారికి తెలియును.

రొక్కము దాచుట మన స్త్రీలకు క్రొత్తగా నేర్పవలసిన విద్య కాదు. పోపులపెట్టెలో, బియ్యపు డబ్బాలో, పట్టుచీరె మడతలో, దేవుని పటము వెనుక ఎక్కడనో యొకచోట మన అవ్వల కాలమునుండి ముడుపు కట్టుచునే యున్నాము. అట్లయిన చిక్కేమి? చిక్కు 2016 నవంబరు 8వ తేదీ రాత్రి బయటపడినది. ఆ రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి ప్రకటన వెలువడినది. అర్ధరాత్రితో ఐదువందలు, వేయి రూపాయల నోట్లు చెల్లవని. దేశమున చలామణిలో నున్న నోట్ల విలువలో నూటికి 86 పాళ్లు ఆ రెండు నోట్లే. చీరె మడతలలోని ముడుపులన్నియు వెలికి రాక తప్పలేదు. గృహిణులు రెండున్నర లక్షల రూపాయలవఱకు జమచేసినచో ప్రశ్నింపబోమని ప్రభుత్వము వారు ధైర్యము చెప్పిరి. ప్రశ్నించునది ఆదాయపు పన్నువారు మాత్రమే యైనచో ఆ ధైర్యము చాలెడిది. ఇంటిలోనివారి ప్రశ్నలకు ప్రభుత్వ మేమి పూచీ పడగలదు? ఏండ్ల తరబడి పైసా పైసా కూర్చిన సొమ్ము భర్త యెదుట, అత్తగారి యెదుట లెక్క చెప్పి, బ్యాంకు ముందఱ ఎండలో నిలువబడి యిచ్చి వచ్చిన స్త్రీలు ఎందఱో.

ఆ దాపఱికమును మేము తప్పుపట్టువారము కాము. పేరున ఏమియులేని స్త్రీకి ఆ ముడుపొక్కటే స్వాతంత్ర్యము. కాని అది వేఱు, ఆపత్కాలమునకుంచు రొక్కము వేఱు. రెంటిని కలిపివేసినందువలననే రెండును చెడుచున్నవి. దాచుకొన్న సొమ్ము పెద్దనోట్లుగా నుండును. దానిని చీకటిపూట అంగడికి తీసికొనిపోయిన చిల్లర దొరకదు. రహస్యమైనది గనుక బయటికి తీయుటకు మనసొప్పదు. రేపు కరెంటు వచ్చునేమో, ఇంకొక పూట చూతము, అని తాళుచుందుము. ఇంతలో అంగళ్లలో సరకు లయిపోవును. ఆ యిల్లాలు కాన్పునకు పుట్టింటికో, ఆసుపత్రికో పోయి యుండినచో ఇంటిలోనివారికి ఆ సొమ్మున్న సంగతియే తెలియదు. కాబట్టి మా అభిప్రాయ మేమనగా, స్త్రీ తనకని కూర్చుకొను సొమ్ము ఆమె పేరిటి బ్యాంకు ఖాతాలోనో, పోస్టాఫీసులోనో ఉండుట మేలు. 2014నుండి జనధన్ ఖాతాలను ఏమియు నిలువ లేకుండనే తెఱచుచున్నారు. ఆ పుస్తకము ఆమెయొద్దనే యుండనిండు. దీపము మలిగిననాటి రొక్కము మాత్రము ఇంటివారందఱు ఎఱిగిన డబ్బాలో ఉండవలెను. దీపపు నూనె వంటిది అది. నూనె ఎక్కడనున్నదో ఎవరును దాచరు. తీసినవారు మరల పోయుదురు.

ఎఱిగిన డబ్బా యనిన వెంటనే, అట్లయిన నెలాఖరున నిలుచునా యని చదువరులు నవ్వుకొందురు. నిలువకపోవచ్చును. అందులకే డబ్బాలో నొక చీటీ యుంచవలెను. ఎవరు, ఎంత, ఏనాడు తీసినది దానిమీద వ్రాయవలెను. "వీడు తీసినాడు, వాడు తీసినాడు" అను జగడముకంటె చీటీ మేలు. యజమానుడు తీసినను వ్రాయవలసినదే. ఈ నియమమును మొదటనే చెప్పి యొప్పించుకొనుట గృహిణి చాతుర్యము.

ఎంత యుంచవలెనన్నచో, హాలెండువారి లెక్క మనకు పనికిరాదు. మన లెక్క మనమే వేసికొనవచ్చును. ఒక వారము దినములు ఫోనుతో చెల్లించినదంతయు వ్రాసికొని, అందులో బట్టలు, బాకీలు, వాయిదాలు తీసివేసి, పాలు, కూరలు, నీళ్ల డబ్బా, మందులు, ఆటో, బండికి పెట్రోలు ఇట్టి విడువరాని ఖర్చులు మాత్రము కూడి, మూడు దినములకు సరిపడునంత నిర్ణయించుకొనవలెను. ఇంట బాలింతగాని, నిత్యము మందు తీసికొను వృద్ధులుగాని యున్నచో కర్నూలు ఆసుపత్రివఱకు బండి బాడుగ దానికి చేర్పవలెను. అంతకుమించి ఇంట నుంచుట మేము కోరము. దొంగ భయము, అగ్గి భయము, ఎలుక భయము, చెదల భయము ఉండనే యున్నవి, వడ్డియు రాదు.

నోట్లు ఏవి యన్నదే ఎంత యన్నదానికంటె ముఖ్యము. చీకటిలో అంగడివాడు ఐదువందల నోటు చూచి, "అమ్మా, చిల్లర లేదు, ఎట్ల ఇయ్యల్ల?" యనును. వానిని నిందించి లాభము లేదు. వానికి వచ్చినవారందఱు అదే నోటు తెచ్చియుందురు. పదులు, ఇరువదులు, ఏబదులు ఎక్కువగాను, నూఱులు కొన్నియు, కొంత నాణెపు చిల్లరయు నుండవలెను. రిజర్వుబ్యాంకువారు 2025 ఏప్రిలులో, ఏటీఎములలో నూఱు, రెండువందల నోట్లు విధిగా నుంచుడని బ్యాంకులకు ఉత్తరువు చేసి, 2026 మార్చి నెలాఖరునకు నూటికి తొంబది యంత్రములలో నుండవలెనని గడువిడిరి. చిన్ననోట్లు మునుపటికంటె సులువుగా దొరకునని యాశింపవచ్చును. దొరకినపుడే తెచ్చి డబ్బాలో వేయవలెను; కరెంటు పోయిన పిమ్మట యంత్ర మీయదు.

డబ్బాను బీరువా అడుగు అరలో నుంచరాదు. నీరు చొచ్చిన యింట మొదట తడియునది అదే. పొయ్యి దరిని గూడ వద్దు. మందపాటి ప్లాస్టికు సంచిలో చుట్టి, రేకు డబ్బాలో పెట్టి, ఎత్తుగా నున్న గూటిలో నుంచుట క్షేమము. ఉగాదికొకసారి, దసరాకొకసారి తీసి చూచి, పాతనోట్లను ఇంటిఖర్చునకు వాడి క్రొత్తవి పెట్టవలెను. నోటు శాశ్వత మనుకొనుట పొరపాటని 2016 తరువాత వేఱుగా చెప్పనక్కఱలేదు గాని, ఆ యేట పుట్టిన రెండువేల నోటును కూడ 2023 మే 19న రిజర్వుబ్యాంకు ఉపసంహరించుకొనుచున్నట్లు ప్రకటించినది.

ఇంత జాగ్రత్త పడినను నోట్లు తడియవచ్చును, చినుగవచ్చును. పాడైనవని పాఱవేయకుడు. దళారికి సగము ధరకు ఈయకుడు. నీడలో ఆరవేసి ఏ బ్యాంకు శాఖకు తీసికొనిపోయినను మార్చి యీయవలెను. చినిగిన నోటు ఇరువది రూపాయలు గాని అంతకు తక్కువది గాని యైనచో, సగముకంటె నెక్కువ భాగము ఒకే ముక్కగా నున్నయెడల పూర్తి విలువ యిత్తురు. ఏబదియు అంతకు పైబడిన నోటును ఐనచో, నూటికి ఎనుబదిపాళ్లకు పైగా ఒకే ముక్కగా నున్న పూర్తి విలువయు, నలువదినుండి ఎనుబదివఱకు నున్న సగము విలువయు లభించును. నలువదికి తగ్గినచో ఏమియు రాదు. ఇది రిజర్వుబ్యాంకు నియమము.

ఇక మూడు దినముల రొక్కము కట్టిపెట్టుటయే కష్టమైన యిండ్లు మన యూళ్లలో వేనవేలు. ఎమ్మిగనూరు చేనేతకు పేరుపొందినది. 1938లో మాచాని సోమప్పగారు ఇచ్చట చేనేత సహకార సంఘమును స్థాపించిన కథ దేశమంతయు నెఱిగినదే. గుంతమగ్గమునకు విద్యుత్తుతో పని లేదు. పగటి వెలుతురుండగా నేయవచ్చును. మరమగ్గము వద్ద కూలికి పోవువారికి, జిన్నింగు మిల్లుకు పోవువారికి అట్లు కాదు. కరెంటు ఆగిననాడే కూలియు ఆగును, ధరయు పెరుగును. అట్టి యింటి యిల్లాలికి వారమునకొక పదిరూపాయల నోటు డబ్బాలో వేయుమని చెప్పుటకంటె మా కేమియు తోచుట లేదు. దానితోపాటు, ఉన్న చోటనే యున్న యొక నిధిని గుర్తుచేయుదుము. నెల నెలకు పద్దు తీర్చు ఇల్లాలికి అంగడివాడు చీకటినాడును అరువు పెట్టును. పద్దు పుస్తకము ఫోనులో లేదు గనుక దానికి కరెంటుతో పని లేదు. ఫోను చేతికి వచ్చినది మొదలు వీథి చివరి యంగడిని విడిచి పెద్ద దుకాణములకు పోవువారు ఈ సంగతి యోచింపవలెను.

సొమ్ము సంగతి యట్లుండగా, ఇంటి సంగతి కొంత. మొట్టమొదట అయిపోవునది దీపము కాదు, నీరు. మోటారు ఆగినచో మిద్దెపై తొట్టి యెంతసేపు? గాలి లేచుట చూడగానే బిందెలు, కొప్పెరలు, కుండలు నింపివేయవలెను. త్రాగునీరు వేఱుగా మూతపెట్టి యుంచి, తక్కినది వాడుకకు విడువవలెను.

తిండి విషయమున మన సీమవారిది అదృష్టమనియే చెప్పవలెను. బొరుగులు ఇంట నున్నచో ఉగ్గాని ఎంతసేపు? నీళ్లలో నానవేసి పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ తిరగవాత వేసి, పప్పులపొడి చల్లిన చాలును. జొన్నరొట్టెలను పలుచగా తట్టి, పెనముపై కటకట లాడునట్లు కాల్చి ఆరబెట్టినచో దినములు నిలుచును. మిక్సీకి అలవాటుపడి రోలును పెరటిలో బోర్లించినవారు దానిని కడిగి లోపలికి తెచ్చుకొనుట మంచిది. ఫ్రిజ్జును మాటిమాటికి తెఱువరాదు. మూసియుంచినచో నాలుగు గంటలవఱకు లోపలి పదార్థములు చెడవు. మంచుగడ్డ కట్టు అర నిండుగా నుండినయెడల రెండు దినములవఱకు నిలుచును. ముందు పాలు కాచుకొని త్రాగివేయుడు.

చక్కెరవ్యాధికి ఇన్సులిను సూది వేసికొనువారి సంగతి జాగ్రత్తగా చూడవలెను. మన యెండలకు అది బయట నున్నచో శక్తి తగ్గును. మట్టికుండలో తడియిసుక పోసి, అందులో చిన్న మట్టిపిడత నమర్చి, సీసాను నీరు తగులని సంచిలో చుట్టి పిడతలో నుంచి, తడిగుడ్డ కప్పి నీడను గాలి తగులు చోట పెట్టినచో చల్లగా నుండును. ఎన్ని దినము లట్లుంచవచ్చునో వైద్యుని ముందే యడిగి తెలిసికొనుడు; ఆపద వచ్చిన తరువాత అడుగుటకు ఫోను పలుకకపోవచ్చును.

ఫోనును గూర్చి రెండు మాటలు. ఇంట నాలుగు ఫోనులున్నచో మూడింటిని ఆర్పివేసి ఒక్కటి మాత్రము వాడుడు. ఇంటర్నెట్టు లేకున్నను సంకేత మందుచున్నంత సేపు *99# అని కొట్టి కొంత సొమ్ము పంపు సదుపాయము కలదు. దానిని ముందుగా ఏర్పఱచుకొని యుండవలెను. విద్యుత్తు వారికి ఫిర్యాదు చేయు సంఖ్య 1912. తెగిపడిన తీగెను చూచినచో దానిలో కరెంటు లేదని ఎవరు చెప్పినను నమ్మక, పిల్లలను పశువులను దూరముగా నుంచి ఆ సంఖ్యకు తెలుపవలెను. జనరేటరు గలవారు దానిని వరండాలో గాని, తలుపులు మూసిన గదిలో గాని నడుపరాదు. దాని పొగలో వాసన తెలియని విషవాయు వుండును. నిద్రలోనే ప్రాణము తీయును.

కరెంటు పోయిన వెంటనే ఫ్రిజ్జు, టీవీ, మోటారు స్విచ్చులు కట్టివేసి, ఒక్క దీపపు స్విచ్చిని మాత్రము వేసి యుంచవలెను. తీగెలోనికి మరల విద్యుత్తు వచ్చు క్షణమున అది హెచ్చుతగ్గులుగా వచ్చి యంత్రములను కాల్చుట కలదు. ఆ దీపము వెలిగి కొంతసేపు నిలకడగా నున్న పిమ్మట మోటారు వేసి తొట్టి నింపుకొనుడు, ఫోనులకు ఛార్జి పెట్టుడు. ఆ మఱునాడు చీటీ చూచి, డబ్బాలో ఎంత తగ్గినదో అంత చిన్ననోట్లలో మరల వేయుడు.